నాలుగు శనివారాల్లో మిగిలేది ఒక్కటే: కెనడాలోని తెలుగు విద్యార్థి సంఘాలకు బహిరంగ లేఖ

అధ్యక్షులకు, కార్యదర్శులకు, కల్చరల్ కమిటీల వాళ్లకు,

నమస్కారం. సెప్టెంబరు వస్తే మీకు ఊపిరి సలపదని తెలుసు. ఎయిర్‌పోర్టు పికప్పులు, బేస్‌మెంట్ గదుల వెతుకులాట, వెల్‌కమ్ పార్టీ, వినాయక చవితి, బతుకమ్మ, దసరా, మధ్యలో నయాగరా బస్సు. ఇంత జాబితాలో మీ క్యాంపస్ మైదానంలోనే జరిగే యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్ (సాకర్ కాదు, చేత్తో పట్టుకుని పరుగెత్తే కెనడియన్ ఫుట్‌బాల్) ఒక్కటీ కనిపించదు. కొత్తగా వచ్చిన పిల్లలకు దాని సంగతి తెలిసేసరికి నవంబరు అవుతుంది. అప్పటికి స్టేడియం గేటుకి తాళం పడి ఉంటుంది. అందుకే మా విన్నపం ఒక్కటే: సెప్టెంబరు కార్యక్రమాల్లో ఒక సొంతగడ్డ మ్యాచ్‌ని చేర్చండి, దాని తేదీని మిగతా వాటికంటే ముందు ఖాయం చేయండి.

ముందు ఎందుకంటే, సీజన్ అంత చిన్నది. లీగ్ దశలో ఒక్కో జట్టుకి ఎనిమిది మ్యాచ్‌లు, వాటిలో సొంత మైదానంలో మామూలుగా నాలుగు. మొదటి మ్యాచ్‌లు సాధారణంగా ఆగస్టు చివర్లో, లేబర్ డే వారాంతం చుట్టుపక్కల పడతాయి. మీ కొత్తవాళ్లలో సగం మంది అప్పటికి ఇంకా పరుపు కొనే పనిలో ఉంటారు. చివరిది అక్టోబరు నెలాఖరులో. ఆ చలిలో మొదటిసారి వచ్చినవాడు రెండోసారి రాడు. మిగిలిన రెండింటిలో ఒకటి పూర్వ విద్యార్థులు తరలివచ్చే హోమ్‌కమింగ్ అయ్యే అవకాశం ఎక్కువ, దాని తలనొప్పులు కింద చెబుతాం. అంటే నాలుగులో మీకు నిజంగా పనికొచ్చేది ఒకటి, మహా అయితే రెండు. ఐస్ హాకీకి ఈ తొందర లేదు. అది చలికాలమంతా పైకప్పు కింద సాగుతుంది, జనవరిలో వెళ్లినా దొరుకుతుంది.

ఎనిమిదే ఎందుకని అడగొచ్చు. ఈ ఆటలో దేహాలు తినే దెబ్బలకు వారానికి ఒక మ్యాచ్‌కి మించి ఆడటం కష్టం. ఆటగాళ్లు చదువుకునేవాళ్లు, డిసెంబరు మొదట్లోనే పరీక్షలు. మంచు గట్టిపడేలోగా ప్లేఆఫ్‌లు, అంటే నాకౌట్ మ్యాచ్‌లు, కూడా పూర్తి కావాలి. దానికితోడు దేశం వెడల్పు. యూనివర్సిటీ క్రీడల జాతీయ సంస్థ యూ స్పోర్ట్స్ గొడుగు కింద 27 జట్లున్నాయి, నాలుగు కాన్ఫరెన్సులుగా, అంటే ప్రాంతాల వారీ విభాగాలుగా: పశ్చిమాన ఆరు, ఒంటారియోలో పదకొండు, క్యూబెక్‌లో ఐదు, అట్లాంటిక్‌లో ఐదు. ఆ చివరి ఐదులో ఒకటైన బిషప్స్ యూనివర్సిటీ నిజానికి క్యూబెక్‌లోనే ఉంది, 2017లో అట్లాంటిక్ వైపు వెళ్లింది. పశ్చిమంలో వాంకూవర్ నుంచి విన్నిపెగ్ దాకా చాలా ప్రయాణాలు విమానాల్లోనే. ఐదు జట్లున్న చోట ప్రతి ప్రత్యర్థితో రెండేసి మ్యాచ్‌లాడితే ఎనిమిది చక్కగా సరిపోతాయి. ఒంటారియోలో పదకొండు జట్లకు ఎనిమిది మ్యాచ్‌లంటే ప్రతి జట్టూ ఇద్దరు ప్రత్యర్థుల మొహమే చూడదు. పాయింట్ల పట్టికలో మూడో స్థానానికీ ఐదో స్థానానికీ మధ్య తేడా ఒక్కోసారి ఆటలో ఉండదు, షెడ్యూలులో ఉంటుంది. పట్టిక చూసి బలాబలాలు తేల్చే మీ వాట్సాప్ పండితులకు ఈ ముక్క చెప్పండి.

ఇక పండగల సంగతి. ఇక్కడ పంచాంగం, ఫుట్‌బాల్ షెడ్యూలు పక్కపక్కన పెట్టుకుని చూడాల్సిందే. 2025లో దసరా అక్టోబరు 2న వచ్చింది, బతుకమ్మ మొత్తం సెప్టెంబరులోనే అయిపోయింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి అన్నీ వెనక్కి జరిగాయి: చవితి సెప్టెంబరు 14, సోమవారం. బతుకమ్మ మొదలయ్యేది అక్టోబరు 10 దగ్గర, దసరా మూడో వారంలో. చవితిని ఎలాగూ ముందు వారాంతంలోనో తర్వాతి వారాంతంలోనో చేస్తారు. అక్టోబరు 10 వారాంతం థాంక్స్‌గివింగ్, సగం క్యాంపస్ ఖాళీ. ఆ తర్వాత బతుకమ్మ హాలు బుకింగులు, పూల వేట. కాబట్టి 2026లో మీ చేతిలో ఉన్న శనివారాలు సెప్టెంబరు 19, 26, అక్టోబరు 3. చవితి సంబరం 19న పెట్టుకునేవాళ్లకు రెండే. ఏడాది మారితే తేదీలు మారతాయి, లెక్క కట్టే పద్ధతి మాత్రం ఇదే. మ్యాచ్‌ల షెడ్యూలు వేసవికి ముందే వెబ్‌సైట్లలో వచ్చేస్తుంది. పాత కార్యవర్గం దిగిపోయేలోపే తేదీ గుర్తు పెట్టి కొత్తవాళ్లకు అప్పగిస్తే సరి.

హోమ్‌కమింగ్ జోలికి మొదటిసారి వెళ్లొద్దు. పూర్వ విద్యార్థులు ఊళ్లోకి దిగుతారు, టికెట్లు ముందే అయిపోతాయి, మీకు అరవై సీట్లు ఒకచోట దొరకవు. ఆట తెలియనివాళ్లకు ఆ హోరులో ఒక్క ముక్కా అర్థం కాదు. ఒట్టావాలో అయితే పాండా గేమ్ సంగతి వేరే చెప్పాలి. ఒట్టావా, కార్ల్‌టన్ యూనివర్సిటీల మధ్య 1955 నుంచి సాగుతున్న పోటీ ఇది. గెలిచినవాళ్లకు పెడ్రో అనే పాండా బొమ్మ. లాన్స్‌డౌన్ స్టేడియం నిండిపోతుంది, ఈ స్థాయి ఆటకి అంత జనం ఇంకెక్కడా అరుదు. మ్యాచ్ చూడదగ్గదే. గొడవంతా తర్వాత వీధుల్లో. 1987లో స్టేడియంలోనే రెయిలింగ్ కూలి విద్యార్థులు గాయపడ్డారు, 2021లో మ్యాచ్ అయ్యాక శాండీ హిల్ వీధిలో కారునే తిరగేశారు. స్టడీ పర్మిట్ మీద ఉన్న పిల్లవాడు అలాంటి గుంపులో నిలబడి పోలీసు కాగితాల్లోకి ఎక్కితే ఆ చిక్కు అక్కడితో పోదు. పాండా గేమ్‌కి తీసుకెళ్తే విజిల్ పడగానే అందర్నీ బస్సెక్కించే బాధ్యత కూడా తీసుకోండి.

టికెట్ల దగ్గరకొద్దాం. ఫీజు రసీదులో అథ్లెటిక్స్ అండ్ రిక్రియేషన్ అనే వరస చాలామంది చదవనే చదవరు. చాలా యూనివర్సిటీల్లో ఆ డబ్బులోనే లీగ్ మ్యాచ్‌ల ప్రవేశం కలిసి ఉంటుంది, మరికొన్నిచోట్ల విద్యార్థికి నామమాత్రపు ధర. రెండు చోట్లా ముందు ఆన్‌లైన్‌లో పేరు మీద టికెట్ తీసుకోవాలి, గేటు దగ్గర స్టూడెంట్ కార్డు చూపాలి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు: కార్డు ఇంకా తీసుకోని కొత్తవాడు, డిపెండెంట్ వీసా మీద వచ్చిన భార్య, చూడటానికి వచ్చిన అమ్మానాన్న. వాళ్లకు మామూలు టికెట్ కావాలి. మూడు వారాల ముందు టికెట్ ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టి విద్యార్థులు ఎందరో, బయటివాళ్లు ఎందరో విడివిడిగా రాస్తే, గ్రూపు ధర ఉంటే వాళ్లే చెబుతారు. ఒకే సెక్షన్లో వరసలు కూడా కేటాయిస్తారు. మ్యాచ్ ముందురోజు అడిగితే ముగ్గురొక మూల, నలుగురొక మూల.

పోస్టర్ మీద వట్టి ఫుట్‌బాల్ అని వేయకండి. మెస్సీ జెర్సీలు వేసుకుని వస్తారు, మొదటి క్వార్టరులోనే నీరుగారిపోతారు. కెనడియన్ ఫుట్‌బాల్ అని వేసి, కోడిగుడ్డు ఆకారపు బంతి బొమ్మ పెట్టండి. అమెరికన్ ఫుట్‌బాల్ అని వేసినా తప్పే, పక్కనున్న కెనడా విద్యార్థి నొచ్చుకుంటాడు. 1874లో మెక్‌గిల్ జట్టు హార్వర్డ్‌కి వెళ్లి ఆడిన మ్యాచ్‌లతోనే అమెరికా ఆట రగ్బీ దారి పట్టిందని అతను మీకు క్లాసు పీకుతాడు. అతను చెప్పేది నిజమే.

ఆట నేర్పకుండా తీసుకెళ్తే మాత్రం అంతా వృథా. బస్సులో పది నిమిషాలు చాలు. కబడ్డీతో మొదలుపెట్టండి. కూత ఆగితే రెయిడు ముగిసినట్టు, బంతి పట్టుకున్నవాడు నేలకొరిగితే ఆ ఎత్తు ముగిసింది. మళ్లీ అక్కడి నుంచే ఇంకో ఎత్తు. ఒక్కో ఎత్తు ఐదారు సెకన్లే. దాన్ని డౌన్ అంటారు. బంతి ఉన్న జట్టుకి మూడు డౌన్లు, ఆ మూడింట్లో పది గజాలు ముందుకి జరిగితే మళ్లీ మూడు దొరుకుతాయి. జరగకపోతే బంతి అవతలివాళ్లది. గోల్ గీతకీ గోల్ గీతకీ మధ్య 110 గజాలు, వెడల్పు 65 గజాలు, వైపుకి 12 మంది. అమెరికాలో నాలుగు డౌన్లు, 100 గజాలు, 11 మంది.

ఆ ఒక్క డౌన్ తేడాతోనే ఆట స్వభావం మారిపోయింది. మూడో ప్రయత్నం దాకా పది గజాలు రాకపోతే చాలాసార్లు బంతిని దూరంగా తన్నేస్తారు, పంట్ అంటారు దాన్ని. అంటే చేతిలో నిజంగా ఉన్నవి రెండు ప్రయత్నాలు. అందుకే పరుగెత్తి మూడేసి గజాలు కొరుక్కుతినే ఓపిక ఇక్కడ చెల్లదు, బంతి గాల్లోకి లేవాల్సిందే. బంతి కదలకముందే, విసిరిన బంతిని అందుకునే రిసీవర్లు ఎత్తు మొదలయ్యే గీత వైపు పరుగెత్తుకు రావడం చూసి మీవాళ్లు ఫౌల్ అనుకుంటారు. ఇక్కడ అది చట్టబద్ధం. మూడో డౌన్‌కి ఒక్క గజమే మిగిలితే మాత్రం తన్నరు. డిఫెన్స్ జట్టు బంతికి ఒక గజం అవతల నిలబడాలి కనుక, ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ తన ముందు వరస ఆటగాళ్లైన లైన్‌మెన్ వెనకాల తల దూర్చి తోసుకుపోతే ఆ గజం దాదాపు వచ్చేసినట్టే. ఆ సమయంలో స్టాండ్స్ అంతా లేచి నిలబడుతుంది, మీవాళ్లు ఫోన్లు చూసుకుంటుంటారు. మూడో డౌన్ అనగానే తలెత్తమని ముందే చెప్పండి.

పంట్ వచ్చినప్పుడు ఎవరిని చూడాలో కూడా చెప్పాలి. బంతి పట్టబోయేవాడికి ఐదు గజాల దూరం వదలాలి, అంతకంటే దగ్గరగా వస్తే పెనాల్టీ. కానీ చెయ్యెత్తి నేను పరుగెత్తను, ముట్టుకోకండి అనే అమెరికా సౌకర్యం ఇక్కడ లేదు. పట్టాలి, పరుగెత్తాలి. తన్నిన బంతి గోల్ గీత వెనకుండే ఎండ్ జోన్‌లో పడి, అవతలి జట్టు దాన్ని అక్కడి నుంచి బయటికి తేలేకపోతే తన్నిన జట్టుకి ఒక పాయింటు. దాని పేరు రూజ్. కొత్తవాళ్లు స్కోరుబోర్డు చూసి ఈ ఒకటి ఎక్కడిదని బుర్ర గోక్కునేది ఇక్కడే. మిగతావి తేలిక: బంతిని ఎండ్ జోన్‌లోకి చేరిస్తే టచ్‌డౌన్, ఆరు, తర్వాత అదనంగా ఒకటో రెండో. గోల్ స్తంభాల మధ్యకి తన్నితే ఫీల్డ్ గోల్, మూడు. బంతి ఉన్నవాణ్ని వాళ్ల ఎండ్ జోన్‌లోనే పడేస్తే సేఫ్టీ, రెండు. ఆ ఒక్క పాయింటు ఎంత బరువో తెలియాలంటే 2014 జాతీయ ఫైనల్ (వేనియర్ కప్) చాలు. మాంట్రియల్ 20, మెక్‌మాస్టర్ 19. చివర్లో మెక్‌మాస్టర్ ఫీల్డ్ గోల్ తన్నబోతే మాంట్రియల్ ఆటగాళ్లు చెయ్యి అడ్డం పెట్టి ఆపారు.

వార్తలు చదివేవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు, సిద్ధంగా ఉండండి. ప్రొఫెషనల్ లీగైన సీఎఫ్‌ఎల్ 2025 సెప్టెంబరులో పెద్ద మార్పులు ప్రకటించింది. 2026 నుంచి రూజ్‌కి కోత, 2027 నుంచి మైదానం 100 గజాలకు, గోల్ స్తంభాలు ఎండ్ జోన్ వెనక్కి. అది ఆ లీగ్ నిర్ణయం. యూనివర్సిటీ ఆటకు దానంతటదే వర్తించదు. పైగా క్యాంపస్ టర్ఫ్‌లో గీతలు చాలాచోట్ల గడ్డిలోనే కుట్టి ఉంటాయి, అదే మైదానంలో సాకరూ ఆడతారు. సుద్ద చెరిపి మళ్లీ గీసినంత సులువు కాదు.

సీటు విషయంలో మామూలు తెలివి పనికిరాదు. సినిమాకి వెళ్లినట్టు ముందు వరస కోసం ఎగబడతారు, అక్కడ కూర్చుంటే బెంచీ ఆటగాళ్ల వీపులు తప్ప ఏమీ కనపడవు. మైదానం నడిమి గీత 55. దానికి అటూ ఇటూ, వీలైనంత పై వరసల్లో కూర్చుంటే ఎవరెటు పరుగెడుతున్నారో బోధపడుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట మ్యాచ్‌కి పడమటి స్టాండు ఉంటే అదే ఎంచుకోండి, ఎండ వీపు వైపుంటుంది. కాల్గరీ, రెజైనా, మానిటోబా జట్లు, మెక్‌గిల్ కూడా, ప్రొఫెషనల్ జట్లు ఆడే స్టేడియంలలోనే ఆడతాయి. అక్కడ పెద్ద గిన్నెలో గుప్పెడు జనం, తరచు ఒకవైపే తెరుస్తారు. అకేడియా యూనివర్సిటీ ఉన్న వుల్ఫ్‌విల్ లాంటి చిన్న ఊళ్లలో దానికి పూర్తిగా భిన్నం, క్వార్టర్‌బ్యాక్ కేకలు వినిపించేంత దగ్గర. క్యూబెక్ సిటీలో ఉంటే లావల్ యూనివర్సిటీ మ్యాచ్ వదులుకోకండి. స్టేడియంలో పన్నెండు వేలకు పైగా పడతారు, పొద్దున్నుంచే పార్కింగ్ స్థలంలో గ్రిల్లులు పొగలు కక్కుతుంటాయి. ప్రకటనలన్నీ ఫ్రెంచిలో, అయినా మూడో డౌన్‌కి భాషేముంది.

పదిహేను నిమిషాల క్వార్టర్లు నాలుగని అరవై నిమిషాల ఆట అనుకోవద్దు. గడియారం ఆగుతూ సాగుతూ మొత్తం మూడు గంటలు పడుతుంది. ఆ మూడు గంటలూ అల్యూమినియం బెంచీ మీద. సెప్టెంబరులో కూడా మేఘం కమ్మితే చలి కింది నుంచి ఎక్కుతుంది. హుడీ ఒకటి వేసుకొచ్చి వణకడం ఏటా చూసే దృశ్యమే. కింద వేసుకోవడానికి ఫోమ్ ముక్కో, అట్టముక్కో, మడిచిన దుప్పటో ప్రతి ఒక్కరికీ ఉండాలి. దేహానికి ఆనుకునే బట్ట నూలుది వద్దు, చెమటపట్టి తడిస్తే ఆరదు. దాని మీద ఉన్నిదో ఫ్లీసో, ఆ పైన గాలి చొరబడని జాకెట్. గొడుగులు చాలాచోట్ల లోపలికి రానివ్వరు, వెనకాలవాళ్లకు అడ్డం కూడా. డాలరు దుకాణంలో దొరికే ప్లాస్టిక్ పొంచోలు డజను కొని ఉంచండి. పులిహోర ప్యాకెట్లు, బిర్యానీ ట్రేలు గేటు దగ్గరే ఆగిపోతాయి. భోజనం బయట పచ్చిక మీద కానిచ్చి లోపలికి వెళ్లండి, ఖాళీ నీళ్ల సీసా మాత్రం సాధారణంగా ఒప్పుకుంటారు. బ్యాక్‌ప్యాక్‌ల నిబంధన స్టేడియానికో రకం, ముందే చదువుకోండి.

కాలేజీల సంఘాలవాళ్లు, మాకు జట్టే లేదు కదా అనకండి. ఈ ఆటకి బయటివాళ్లకు తలుపులు తెరిచే ఉంటాయి. కోనెస్టోగాలో చదివేవాళ్లకు వాటర్లూ ఊళ్లోనే రెండు జట్లు, వాటర్లూ, లారియర్. సెయింట్ క్లెయిర్ వాళ్లకు విండ్సర్ జట్టు ఉన్న ఊళ్లోనే. టొరంటో చుట్టుపక్కలవాళ్లు సబ్‌వేలో సెయింట్ జార్జ్ దగ్గర దిగి నడిస్తే బ్లూర్ వీధి మీదే వార్సిటీ స్టేడియం. 1965లో మొట్టమొదటి వేనియర్ కప్, టొరంటో 14–7తో అల్బర్టాను ఓడించింది, ఆ స్థలంలోనే. ఇప్పుడున్నది తర్వాత తిరిగి కట్టిన స్టేడియం.

నవంబరు ప్లేఆఫ్‌లకు గుంపుగా వెళ్లే ఆలోచన పెట్టుకోకండి. ఓడితే ఇంటికే, మెరుగైన ర్యాంకున్న జట్టు మైదానంలో ఆట. కాబట్టి వచ్చే శనివారం మ్యాచ్ ఎక్కడో ఈ శనివారం రాత్రికి గానీ తేలదు. ఆసక్తి పుట్టినవాళ్లు ఇద్దరు ముగ్గురుగా వెళ్లడమే మేలు. నాలుగు కాన్ఫరెన్సులకూ నాలుగు కప్పులున్నాయి. ఒంటారియోవాళ్ల యేట్స్ కప్ 1898 నాటిది. ఆ నలుగురు విజేతలు యూటెక్ బౌల్, మిచెల్ బౌల్ అనే సెమీఫైనళ్లలో తలపడి, గెలిచిన ఇద్దరు నవంబరు మూడు నాలుగు వారాల్లో వేనియర్ కప్‌కి చేరతారు. అది టీవీలో చూస్తూ మిర్చి బజ్జీలు వేసుకోవచ్చు. 2024లో లావల్ 22–17తో లారియర్‌ను ఓడించి గెలుచుకున్నది వాళ్ల పన్నెండో కప్పు. ఇంకే జట్టూ ఆ దరిదాపుల్లో లేదు.

అథ్లెటిక్ విభాగాలు మ్యాచ్ రోజు పనికి విద్యార్థులనే తీసుకుంటాయన్న సంగతి కూడా మీ కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు. టికెట్ స్కానింగ్, సీట్లు చూపడం, గణాంకాలు రాయడం, కెమెరా పట్టడం. ఫుల్‌టైమ్ విద్యార్థికి క్యాంపస్‌లో చేసే పని, బయటి పనికున్న వారానికి 24 గంటల పరిమితిలోకి రాదు. పనికి కావాల్సిన సిన్ (సోషల్ ఇన్సూరెన్స్) నంబరు చేతికి రాగానే అడగాలి. ఎంపికలు ఆగస్టుకే మొదలవుతాయి, సెప్టెంబరు మధ్యలో అడిగితే వచ్చే ఏడాది రమ్మంటారు. డేటా సైన్సు చదివే పిల్లలకు గణాంకాల బల్ల మంచి చోటు. ఒక్కో డౌన్‌కి ఎవరు, ఎక్కడి నుంచి, ఎన్ని గజాలు అని అక్కడికక్కడ నమోదు చేయాలి. ఎత్తుకీ ఎత్తుకీ మధ్య ఇరవై సెకన్ల గడియారం పరుగెడుతుంటుంది కాబట్టి తప్పు దిద్దుకునే వ్యవధి ఉండదు.

చదువు మాటొచ్చింది కనుక ఇంకొకటి. ఈ మైదానాల్లో ఆడేవాళ్లు చదువు పక్కనపెట్టినవాళ్లని మనలో ఒక అపోహ ఉంది. మెక్‌గిల్‌లో ఆడిన లోరాన్ డువెర్నే-టార్డిఫ్ అమెరికా ప్రొఫెషనల్ లీగైన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడుతూనే అక్కడే వైద్య పట్టా పూర్తిచేశాడు, 2020 ఫిబ్రవరిలో కాన్సస్ సిటీ జట్టు తరఫున ఆ లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచాడు. కోవిడ్ రావడంతో తర్వాతి సీజన్ మానేసి వృద్ధుల ఆశ్రమంలో పనికి వెళ్లాడు. బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ (యూబీసీ) లైన్‌మన్ జొవానీ మానూని 2024 ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల ఎంపికలో డెట్రాయిట్ జట్టు నాలుగో రౌండులో ఎంచుకుంది. స్టాండ్స్‌లో మీ పక్కన చలికి చేతులు రుద్దుకుంటూ నోటు పుస్తకంతో కూర్చున్న పెద్దాయన కొత్త ఆటగాళ్లను వెతికే ఏ ప్రొఫెషనల్ జట్టు స్కౌటో అయినా ఆశ్చర్యపడకండి.

వచ్చే కమిటీ సమావేశంలో హాలు బుకింగుల కంటే ముందు మీ యూనివర్సిటీ అథ్లెటిక్స్ వెబ్‌సైట్ తెరవండి. ఆ రెండు మూడు శనివారాల్లో మీ జట్టు సొంత మైదానంలో ఆడేది ఏదో చూసి, వెల్‌కమ్ పార్టీని ఆ రోజు సాయంత్రం ఆరుకి జరపండి. ఒంటిగంటకు మొదలైన మ్యాచ్ నాలుగుకి అయిపోతుంది. గొంతులు పోయి, ఆకలి మీద వస్తారు, వంట కాస్త ఎక్కువ చెప్పండి.

ఇట్లు,
పై వరసల్లో అట్టముక్కల మీద కూర్చునే కొందరు తెలుగువాళ్లు